లద్దె పాఠం

కార్తీకం చలిలో పలమనేరు బస్సు దిగి
కౌండిన్య అడవి అంచున బడికి నడుస్తుంటే
కాలవ గట్టు మీద
ఇంకా ఆవిరి పోని ఏనుగు లద్దె.
ఐదారు ముద్దలు.
ఒక్కోటి సంగటి ముద్దంత, కాదు,
నలుగురికి వడ్డించే సంగటంత.

తొమ్మిదో తరగతికి ఆ రోజు ఐదు రాజ్యాల పాఠం.
పుస్తకంలో పటం, పటంలో గడులు,
గడుల నిండా నోరు తిరగని పేర్లు.
"మూసేయండి" అన్నాను.
ఇరవై రెండు మందిని గట్టు మీదికి నడిపించాను.

ముక్కు మూసుకున్నవాళ్లు మూసుకున్నారు.
"రాజ్యమంటే రాజుండాల గదా సా,
వీటికి రాజెవురు?"
అడిగింది మోహనప్రియ.
రాత్రంతా వాళ్ల నాయన చెంగల్రాయులు
చేనికాడ టపాసులు పేల్చి, రేకు డబ్బా వాయించి,
తెల్లారి, తొక్కేసిన రాగిచేను ఫోటోలు పట్టుకుని
ఫారెస్టాఫీసు మెట్ల మీద కూర్చున్నాడని
బస్సులోనే విన్నాను.
జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

లద్దె చుట్టూ తొమ్మిది రాళ్లు పేర్చాం.
కాపలాకి వంతులు వేసుకున్నాం.

మధ్యాహ్నానికే పేడపురుగులు దిగాయి.
మండీలో హమాలీలకైనా ఇంత తొందరుండదు.
తలకిందులుగా నిలబడి, వెనక కాళ్లతో
తమకన్నా పెద్ద ఉండలు దొర్లించుకుపోయి,
మన్ను తవ్వి దించి, గుడ్డు పెట్టి,
పైన తలుపేసుకున్నాయి.
జంతువులు అని నోట్సులో రాసుకున్నారు పిల్లలు.
ఏనుగు పేరు రాయడం ఒక్కరికీ గుర్తు లేదు,
అదప్పటికే కొండ దాటిపోయింది.

మూడోనాడు బీరువాలోంచి సూక్ష్మదర్శిని తీశాను.
మర వదులు, అద్దం మీద బూజు మచ్చ.
లద్దె పక్క గుంటలోని నీటి చుక్కలో
ఒళ్లంతా నూగు కప్పుకున్నదేదో
గిరగిరా తిరిగి, గోడకు గుద్దుకుని, వెనక్కి మళ్లింది.
"ఒంటి కణమే. ఇల్లూ అదే, ఇంటాయనా అదే."
"బాక్టీరియా యాడుండాది సా?"
"దీంట్లో కనపడదు. వాసనొస్తోందా?
అదే దాని హాజరు."
అద్దం మీది బూజూ ఒక రాజ్యమేనని
అప్పుడు తట్టలేదు,
ఇదిగో, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

తుపాను వాన రెండ్రోజులు పట్టి వదిలింది.
లద్దె నిండా తెల్లటి గొడుగులు,
వేలెడు కాడ, గోరంత కప్పు,
పొద్దున విప్పుకుని, అన్నం గంటకల్లా
నల్ల సిరాగా కారిపోయేవి.
"తినచ్చునా సా?"
"వద్దు."
"మరి అవేం తింటాయి?"
ఏనుగుకే అరగని వెదురు పీచుని, చింతబెరడుని.
ముందు బయటే అరిగించి, ఆ తరవాత పీల్చుకుంటాయి.
పొట్ట ఒంటి బయట పెట్టుకున్న జాతి అన్నమాట.
పిల్లలు ఒకళ్ల పొట్టలొకళ్లు చూసుకుని
చాలాసేపు నవ్వారు.

పద్నాలుగో రోజు కాపలా మోహనప్రియది.
తరగతిలోకి పరిగెత్తుకొచ్చి
ఏమీ చెప్పకుండా నా చెయ్యి పట్టి లాక్కుపోయింది.
లద్దె సగం మన్నయింది.
మధ్యలో సన్నగా పచ్చగా
దువ్వెన పళ్లలా మొలకలు.

"మా రాగులే సా."
"గడ్డేమో?"
"మా చేని మొలక నాకు తెలీదా?"
కాసేపాగి అడిగింది:
"నాయన రాసిచ్చిన కాయితంలో
ఇవి నష్టం కింద వస్తాయా, లాభం కిందనా?"

నా బీఎడ్డులో ఎవరూ ఇది చెప్పలేదు.

సాయంత్రం చెంగల్రాయులే వచ్చాడు.
లద్దెనీ, రాళ్లనీ, నన్నూ
ఒకే చూపుతో చూశాడు.
తిడతాడనుకున్నాను.
గొంతుక్కూర్చుని మొలకల్లో వేళ్లు పెట్టి
"నారు వొత్తుగా ఉండాది అయివారూ,
పీకి నాటకుంటే పాడైపోతాది" అన్నాడు.
తడి గోనెపట్టాలో చుట్టుకున్నాడు.
పరిహారం వచ్చిందా అని అడిగితే
"ఇంకో ఫోటో కావాలంట" అన్నాడు.

యూనిట్ పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నకి
మోహనప్రియ ఐదు పేర్లూ తప్పుల్లేకుండా రాసి
కింద, అడగకపోయినా, ఇంకో వాక్యం రాసింది:
"రాజు లేడు. అందురూ కూలికి పోయేవాళ్లే."
'అందురూ' కింద ఎర్ర సిరాతో గీత గీసి,
చూస్తూ చూస్తూ, దాన్ని చెరిపేశాను.

ఆ రాత్రి పలమనేరులో నా గదికి కూడా
కొండవైపు నుంచి టపాసులు వినిపించాయి.
చెంగల్రాయులు నాటిన నారుకి
అప్పటికి ఎన్ని ఆకులొచ్చాయో.